రెండో క్యాసెట్‌లో లేని పాట

ఎల్టా మొదటి క్యాసెట్ వచ్చిన ఏడాది రబౌల్ రేవుపట్నానికి ఇంకో పాట అక్కర్లేకపోయింది. ట్రక్కుల్లో అదే, కొబ్బరి ఎండబెట్టే షెడ్లలో అదే, మార్కెట్లో వక్కలమ్మే ఆడవాళ్ల పక్కన మోగే రేడియోలో అదే. తాడు తెగి నడిసముద్రంలోకి కొట్టుకుపోయిన, చేపలు పట్టే వెదురు బుట్ట మీద పాట అది. బుట్ట వెనకాలే ఈదుకుంటూ పోయిన మనిషి, ఒడ్డు మీంచి పెళ్లాం పిలుస్తుంటే విని వెనక్కి తిరుగుతాడు. కథంతా అంతే. ఆ కాస్త కథనీ ఆమె ఎలా పాడిందో ఏమో, సముద్రం మొహం చూడని కొండప్రాంతాల వాళ్లు కూడా రాజధాని మోర్స్‌బీలో ఆమె వేదిక దిగగానే చుట్టూ మూగి, ఇంతకీ ఆ బుట్ట దొరికిందా అని అడిగారు.

అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. మటుపిట్ దీవి పిల్ల. అమ్మ తవుర్వుర్ అగ్నిపర్వతం అడుగున వెచ్చటి ఇసుక తవ్వి, అడవికోళ్లు పాతిపెట్టి పోయిన గుడ్లు తీసి పట్నంలో అమ్మేది. ఎల్టా గొంతు చర్చి పాటల్లో పదును తేలింది. పాటలు మాత్రం ఒక్కటీ ఆమెవి కావు. అన్నీ మేనమామ ఎపినేరివి. ఆయన బతుకుతెరువు చేపల బుట్టలు అల్లడం. అల్లుతూ అల్లుతూ పాట కట్టేవాడు. ఆయన పాటలు ఇరవై ఏళ్లుగా దీవిలో ప్రతి విందులోనూ గిటార్ల మీద మోగుతూనే ఉన్నాయి. మేనకోడలు స్టూడియోలో పాడబోతోందని తెలిశాక, రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో లైను పట్టించాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు కాస్త తగ్గించాలో తన ఛాతీ మీద చెయ్యేసుకుని చూపించాడు.

క్యాసెట్ అట్ట మీద ఆ మాట లేదు. మాటలు ఎల్టా, బాణీ ఎల్టా, గానం ఎల్టా అని ఉంది.

అది డెన్నిస్ కావాలని చేసిన పని కాదు. డెన్నిస్ స్టూడియో యజమాని. ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. దీవివాళ్ల భాష దీవివాళ్లలాగే మాట్లాడతాడు. అట్ట అచ్చుకి పంపేముందు కాగితం తెచ్చి, ఒకసారి చూసుకో, తప్పులుంటే ఇప్పుడే చెప్పు అన్నాడు. ఎల్టా చూసింది. తన పేరు మూడుసార్లు వరసగా కనిపించేసరికి ఒంట్లో ఏదో జివ్వుమంది. చెప్పాలనే అనుకుంది. ఈలోగా డెన్నిస్ ఫోటో బావుందా అని అడిగాడు. బావుందంది. ఆ కాగితం అలాగే అచ్చుకి పోయింది.

మొదటి క్యాసెట్ మామ చేతికే ఇచ్చింది. ఎపినేరి దాన్ని అటూ ఇటూ తిప్పాడు, వెనకవైపు రాసింది నిదానంగా చదివాడు, చూరు కింద చెక్క మీద పెట్టాడు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆమె లే, బూకా, మోర్స్‌బీ అని ఊళ్లు తిరుగుతూనే ఉంది. వచ్చినప్పుడల్లా మామకి చొక్కాగుడ్డో టీ పొట్లాలో తెచ్చేది. ఆయన తీసుకునేవాడు. ఆ సంగతి మాత్రం ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

డెన్నిస్ రెండో క్యాసెట్ మాట ఎత్తేసరికి వచ్చిపడింది అసలు చిక్కు. ఆర్నెల్లలో పది పాటలు కావాలన్నాడు. మొదటిది ఎవరైనా పాడతారు, రెండోదాంతోనే ఈ పిల్ల నిలుస్తుందా లేదా తేలుతుందని దుకాణాల వాళ్లంతా కాచుక్కూర్చున్నారన్నాడు. ఎల్టా ఆ సాయంత్రమే దీవికి వెళ్లింది. ఎపినేరి ఇంటి వెనక, సముద్రం వైపు తిరిగి కూర్చుని బుట్ట అల్లుతున్నాడు.

"రేడియోలో ఉండే మనిషి మా గుమ్మంలోకొచ్చిందే," అన్నాడు తల ఎత్తకుండా.

ఆమె నవ్వి పక్కన కూర్చుంది. సంగతి చెప్పింది. కొత్త పాటలేమైనా ఉన్నాయా మావయ్యా అని అడిగింది. ఆయన వెదురు బద్దని పళ్లతో పట్టుకుని లాగి ముడేసి, అప్పుడు మాట్లాడాడు.

"నా దగ్గరున్నవన్నీ పాడేశావు కదే. ఇకనించీ నీవి పాడుకో. అట్ట మీద రాసినట్టే ఉంటుంది."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అప్పుడే ఆయన చెయ్యి పట్టుకుని తప్పయిపోయింది అనాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా. అంతలో అత్త కొబ్బరిపాలలో ఉడికించిన ఆకుకూర తెచ్చి పెట్టింది. ఆ వెనకే ఇరుగుపొరుగు ఆడవాళ్లు దిగారు. మోర్స్‌బీ దొరసాని మన గిన్నెల్లో తింటుందా అని ఒకావిడ, ముందు చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకుని మరీ తింటుందిలే అని ఇంకొకావిడ. నవ్వుల మధ్య ఆ ఘడియ దాటిపోయింది. తర్వాత తల్చుకున్నప్పుడల్లా ఎల్టాకి ఆ ఆకుకూర రుచి నోట్లోకి వచ్చేది.

సొంతంగా రాయడం మొదలుపెట్టింది. ఇంతకుముందు ఎప్పుడూ చేసిన పని కాదు. మొదట రాసినవన్నీ మామ పాటలకి కవలపిల్లల్లా వచ్చాయి. చించేసింది. మళ్లీ రాసింది. వాన కురిసిన రోజు ట్రక్కు వెనక పట్టా కింద ముక్కూ మొహం తెలియని పదిమంది ఒకళ్లకొకళ్లు ఆనుకుని ప్రయాణం చేయడం మీద ఒక చిన్న పాట తనంతట తనే వచ్చింది. అలా కిందా మీదా పడి తొమ్మిదయ్యాయి. డెన్నిస్ తొమ్మిదీ రికార్డు చేశాడు. బావున్నాయన్నాడు. బావున్నాయని అతను అన్న తీరులోనే లోటు ఏమిటో ఆమెకి తెలిసిపోయింది. బుట్ట పాటలా, విన్న మనిషిని నీళ్లలోకి దూకించే పాట వాటిలో లేదు.

పదో పాటకి బాణీ ఆమెకి చిన్నప్పటినించీ తెలిసిందే. ఎపినేరి ఒంటరిగా, ఇంటికి వీపు పెట్టి బుట్ట అల్లుకునేటప్పుడు పెదాలు కదపకుండా గొంతులోనే తీసేవాడు ఆ రాగం. దానికి మాటల్లేవు. ఏ విందులోనూ ఆయన దాన్ని పాడగా ఎవరూ వినలేదు. మాటల్లేని రాగం గాలిలాంటిది, ఎవరిదైతేనేం అని మనసుకి నచ్చజెప్పుకుంది ఎల్టా. పడవ కోసం రేవులో ఎదురుచూసే పిల్ల మీద మాటలు కట్టింది. స్టూడియోలో పాడింది. పాడటం అయ్యాక డెన్నిస్ చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఇదే, ఇదే కావాలి అన్నాడు. ఎవరిదని అడిగాడు. నాదే అంది.

గిటార్ వాయించే ఇసిమెల్ మటుపిట్ వాడే. తీగలు సర్దుకుంటూ, ఇందులో మీ మావయ్య వాసనొస్తోందే అన్నాడు. మా ఇంట్లో అందరిదీ ఒకటే వాసన అని తేలిగ్గా కొట్టిపారేసింది. ఇసిమెల్ నవ్వాడు కానీ ఆమె కళ్లలోకి చూడలేదు.

ఇదంతా తొంభై నాలుగు సెప్టెంబరులో. ఆ నెల మూడో ఆదివారం తెల్లారకముందు నుంచీ భూమి కదలడం మొదలైంది. మామూలుగా కదిలే కదలిక కాదు. చర్చిలో ప్రార్థన సగంలో ఆగింది. సాయంత్రానికల్లా దీవి మొత్తం చాపలూ, కుండలూ, కోళ్లూ చంకన పెట్టుకుని, దీవిని ఒడ్డుకి కలిపే గట్టు దారిన నడిచి బయటపడింది. ఎల్టా, అమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది. ముందు ఎపినేరి, నెత్తి మీద వంటగిన్నెతో. మర్నాడు పొద్దున్నే తవుర్వుర్ పేలింది, ఆ తర్వాత గంటకి అఖాతానికి అవతల ఉన్న రెండో కొండ పేలింది. ప్రాణాలు దక్కించుకున్న జనం కొకోపో వైపు చర్చి స్కూళ్లలో, షెడ్లలో సర్దుకున్నారు. ఎల్టా వాళ్లకి ఒక తరగతి గది దొరికింది. ఆ గదిలో ఆరు కుటుంబాలు. నల్లబల్ల మీద మూడో తరగతి లెక్కలు ఇంకా చెరపలేదు.

రబౌల్లో బూడిద మోకాళ్లు దాటి, నడుం దాటి కురిసిందని కబురొచ్చింది. తడిసిన బూడిద బరువుకి కప్పులు ఒకదాని తర్వాత ఒకటి కూలాయట. స్టూడియో కూడా పోయిందని ఎవరో చెప్పారు. పక్కనున్న ఆడవాళ్లు అయ్యో పిల్ల కష్టం అంతా మట్టిపాలైందే అని ఎల్టా భుజం పట్టుకున్నారు. ఆమెకి మాత్రం చాలా రోజుల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడింది. ఆ పాట ఇంక ఎవరూ వినరు. మామకి చెప్పాల్సిన అవసరం ఉండదు. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. ఇళ్లు పోయి ఏడుస్తున్న జనం మధ్య కూర్చుని ఇదేం మనసు అనుకుంది.

రెండు వారాల తర్వాత డెన్నిస్ వచ్చాడు. బండికీ మనిషికీ రంగు తేడా లేదు, రెండూ బూడిదే. పోలీసుల దగ్గర గంట కోసం అనుమతి తీసుకుని ఊళ్లోకి వెళ్లాడట. లక్షలు పోసి కొన్న యంత్రాలన్నీ దూలాల కింద నలిగి ఉన్నాయి. అతను వాటి జోలికి పోలేదు. బల్ల కిందికి పాకి, గోడ మూల ఇనప్పెట్టెలోంచి ఎల్టా టేపూ, దాంతోపాటు పరీక్షగా తీసిపెట్టుకున్న ఒక క్యాసెట్టూ తెచ్చాడు. వానకోటులో చుట్టి పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దిగాడు. బడి ఆవరణలో ఉన్న జనమంతా చప్పట్లు కొట్టారు. దీవి మొత్తంలో బయటపడిన వస్తువు ఇదొక్కటే అన్నట్టు కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఎల్టా థాంక్స్ అంది. అతను క్యాసెట్ ఆమెకిచ్చి, టేపు తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఆ తర్వాత రెండ్రోజులూ ఆమెకి తిండి సయించలేదు. ఏమైందే అని అమ్మ అడిగింది. చెప్పింది, మొదటి అట్ట దగ్గర్నుంచి అంతా. అమ్మ తిట్టలేదు. మీ మావయ్య ఇవాళ కాస్త దగ్గు తగ్గి కూర్చున్నాడు, వెళ్లు అని మాత్రం అంది.

బడి పంతులు దగ్గర టేప్ రికార్డరు అరువు తీసుకుని, మామని నీళ్లట్యాంకు వెనక్కి, కోకో చెట్ల నీడలోకి తీసుకెళ్లింది. గదిలో పెడితే అందరూ మూగుతారని. ఎపినేరి చెట్టు మొదట్లో కూర్చుని వక్క నోట్లో వేసుకుని, కానీయ్ అన్నట్టు చెయ్యి ఊపాడు. బూడిద పీల్చి పీల్చి గొంతు బొంగురుపోయింది ఆయనకి.

మొదటి పాట విన్నాడు. రెండోది విన్నాడు. దానిలో ఒకచోట, ఇక్కడ కిందికెందుకు దిగావే, పైకి పోవాల్సింది అని గొణిగాడు. మూడోది ట్రక్కు పాట. అది అయ్యేదాకా నమలడం ఆపాడు.

"ఇది పూర్తిగా నీదేనా?"

"అవును మావయ్యా."

"బావుంది. ఇందులో నేను లేను."

ఆ మాటకి ఎల్టాకి ఏడుపొచ్చినంత పనైంది. ఇక్కడితో ఆపేస్తే బావుండుననిపించింది. ఆపలేదు. మిగతావీ అయ్యాయి, పదో పాట మొదలైంది. రాగం మొదటి మెలిక తిరిగేసరికి ఎపినేరి చేతిలో సున్నం డబ్బా కింద పడింది. తీయడానికి వంగలేదు. పాట చివరిదాకా అలాగే కూర్చున్నాడు. క్యాసెట్ టక్కుమని ఆగింది.

"ఇదెక్కడ విన్నావ్?"

"నువ్వు బుట్టలల్లేటప్పుడు. చిన్నప్పట్నించీ."

"మాటల్లేవనుకున్నావా?"

ఆమె తలూపింది.

"ఉన్నాయి," అన్నాడు. "మిలికా కోసం కట్టాను. మీ అత్తక్కూడా వినిపించలేదు."

మిలికా ఆయన కూతురు. ఏడేళ్లప్పుడు మలేరియాతో పోయింది. ఎల్టాకి అప్పటికి నాలుగేళ్లు. ఒక పసుపు గౌను, ముందుకి పొడుచుకొచ్చిన పన్ను, అంతకుమించి ఆమెకి గుర్తు లేదు. తెలియదు మావయ్యా అంది. తెలియకపోవడం నిజమే కానీ, ఈ రాగం తనది కాదని తెలియకపోవడం నిజం కాదు. అది కూడా అంది. మొదటి క్యాసెట్ అట్ట కాగితం తన చేతికొచ్చిందనీ, చూసి కూడా ఊరుకున్నాననీ, తన పేరు మూడుసార్లు చూసుకుని మురిసిపోయాననీ ఒక్కొక్కటే బయటపెట్టింది.

"నాకు తెలుసు," అన్నాడు ఎపినేరి. "నేనే వెళ్లి డెన్నిస్‌ని అడిగాను. ఎల్టాకి చూపించే అచ్చుకిచ్చానన్నాడు. మళ్లీ వేసేటప్పుడు మారుస్తానన్నాడు. వద్దన్నాను. నువ్వొచ్చి చెప్తావని."

"ఏడాదిన్నర ఎదురుచూశావా?"

"నువ్వు చొక్కాగుడ్డలు తెచ్చావు."

ఆమె మొహం చేతుల్లో పెట్టుకుంది. ఎపినేరి వంగి సున్నం డబ్బా తీసి, మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు. ఆయన మొహంలో కోపం కన్నా అలసటే ఎక్కువ ఉంది.

"ఆ పాట తీసెయ్యవే. మిగతావి నీ ఇష్టం."

"తీసేస్తాను."

డెన్నిస్‌కి చెప్పడం అంతకన్నా కష్టమైంది. అతను ముందు నవ్వాడు, వేళాకోళం అనుకుని. తర్వాత బండి తలుపుకి ఆనుకుని నేల చూపులు చూశాడు. ఇల్లు పోయింది, స్టూడియో పోయింది, చేతిలో మిగిలింది ఆ ఒక్క పాటే, దాంతోనే మళ్లీ లేవగలననుకున్నానన్నాడు. మీ మావయ్య పేరు వేద్దాం, ఎంత అడిగితే అంత ఇద్దాం అన్నాడు. ఇది పేరుతోనూ డబ్బుతోనూ అయ్యేది కాదంది ఎల్టా. మిలికా సంగతి చెప్పింది. అతను చివరికి ఒక్క మాటన్నాడు.

"ఆ కప్పు కిందికి నేను పాకింది ఆ పాట కోసమే ఎల్టా."

"తెలుసు డెన్నిస్."

బండెక్కి వెళ్లిపోయాడు. రెండు నెలల దాకా అతని జాడ లేదు. టేపు అతని దగ్గరే ఉంది. తలుచుకుంటే అచ్చేసి అమ్ముకోవచ్చు, అడ్డుకునేవాళ్లు లేరు. ఇసిమెల్ రోజూ వచ్చి రేడియోలో వచ్చిందా అని అడిగేవాడు. రాలేదు. డిసెంబరు మొదట్లో డెన్నిస్ వచ్చి, మోర్స్‌బీలో తెలిసిన వాళ్ల స్టూడియోలో మూడు రోజులు చోటు దొరికిందన్నాడు. ఆ ఒక్క పాట ఉన్నంతవరకు టేపు కోసి, చుట్టగా చుట్టి ఎల్టా చేతిలో పెట్టాడు. ఇది నా దగ్గరుంటే ఎప్పుడో ఒకప్పుడు బుద్ధి మారుతుందేమోనని అన్నాడు. ఎల్టా ఆ చుట్టని మామకి ఇచ్చింది. ఆయన దాన్ని ఏం చేశాడో ఆమె అడగలేదు.

మోర్స్‌బీలో రెండో పాటని ఎపినేరి చెప్పినట్టు పైకి తీసుకెళ్లి మళ్లీ పాడింది. ట్రక్కు పాట వెనక ఉన్న డ్రమ్ము మోతని తగ్గించమంది. తొమ్మిది పాటలే. పదోది ఏదో ఒకటి ఇరికించమని అక్కడివాళ్లు అన్నారు. డెన్నిస్సే వద్దన్నాడు. ఈసారి అచ్చు కాగితం వచ్చినప్పుడు ఆమె వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. అదే నెలలో మొదటి క్యాసెట్ కూడా కొత్త అట్టతో వేయించారు. మాటలు, బాణీ: ఎపినేరి, మటుపిట్.

రెండో క్యాసెట్ మొదటిదాంట్లో సగం కూడా అమ్ముడుపోలేదు. పేపర్లో ఒకాయన, ఈ అమ్మాయి గొంతు పెరిగింది, పాటలు చిన్నబోయాయి అని రాశాడు. ఆ ముక్క అమ్మకి ఎవరో చదివి వినిపిస్తే ఆవిడ రెండ్రోజులు ఆ పేపర్ మనిషిని తిట్టిపోసింది. ఎల్టాకి కూడా బాధేసింది, లేదని చెప్పడానికి లేదు. వేదికల మీద పిలుపులు తగ్గాయి. వచ్చినవాళ్లూ బుట్ట పాటే అడిగేవారు. పాడేది. పాడేముందు ఇది మా మావయ్య కట్టింది అని చెప్పేది. మొదట్లో ఆ మాట అనడానికి నోరు తడబడేది. పోనుపోను అలవాటైంది. డెన్నిస్ మరో ఏడాదికి ఆస్ట్రేలియాలో కెయిర్న్స్ వెళ్లిపోయి అక్కడ స్కూలు పిల్లల బ్యాండులు రికార్డు చేస్తూ స్థిరపడ్డాడు. పండక్కి కార్డు పంపేవాడు.

దీవి వాళ్లకి లోపలి అడవిలో స్థలాలిచ్చారు. సముద్రం కనిపించని చోట ఎపినేరి బుట్టలు అల్లడం మానేసి చిలగడదుంప వేశాడు. ఎల్టా వారంలో నాలుగు రోజులు అక్కడి బళ్లో చిన్నపిల్లలకి పాటలు నేర్పేది. ఒక మధ్యాహ్నం ఆమె బడి నుంచి వస్తుంటే మామ తన తోట కంచె దగ్గర నిలబడి పిలిచాడు. నిన్న నీ కిటికీలోంచి వినిపించింది, కొత్తదా అని అడిగాడు. ఇంకా సగమే అయింది మావయ్యా, మిగతాది రావట్లేదు అందామె.

"అయితే లోపలికి రా. ఎక్కడ ఆగిందో పాడు," అని కంచెకి ఆనించిన పలుగు తీసి పక్కన పెట్టి, మట్టి చేతులు తుడుచుకుంటూ మొద్దు మీద కూర్చున్నాడు.